ఫొటో కింద పేరు లేని పెద్దాయన

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో జాజ్ సంగీతం పుట్టుపూర్వోత్తరాల మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. న్యూ ఆర్లియన్స్ వీధుల్లో మొదలై షికాగో, న్యూయార్క్ క్లబ్బుల దాకా నల్లజాతి అమెరికన్ల చేతుల్లో ఆ సంగీతం ఎదిగి వచ్చిన తీరును వ్యాసకర్త శ్రద్ధగా చెప్పారు. తెలుగు పత్రికల్లో ఈ విషయం మీద ఇంత ఓపికగా రాసేవారు అరుదు కనుక ముందుగా వారికి నా అభినందనలు. అయితే వ్యాసం చివరికొచ్చేసరికి, అమెరికా దాటిన జాజ్ అంతా అనుకరణే అన్న ఒకే ఒక్క వాక్యంతో యూరప్ మొత్తాన్ని మూట కట్టి పక్కన పెట్టేశారు. ఆ వాక్యం పక్కనే, తెల్లటి పొడుగు జుట్టుతో, మీసంతో, కళ్లు మూసుకుని వాద్యం ఊదుతున్న ఒక పెద్దాయన ఫొటో వేసి, కింద 'యూరప్‌కు చెందిన ఒక ట్రంపెట్ కళాకారుడు' అని మాత్రం రాశారు. ఆ పెద్దాయనకు పేరుంది. ఆయన ఎన్రికో రావా. అనుకరణ అన్న మాట పక్కన వేయడానికి ఇంతకంటే పొరపాటు ఫొటో దొరకదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైతే మన్నించాలి.

నేను సంగీత విమర్శకుణ్ని కాను. పోలీసు బ్యాండులో ఇరవై ఏడేళ్లు ట్రంపెట్ ఊది పదవీ విరమణ చేసినవాణ్ని. కవాతు పాటలు, జాతీయ గీతం, వీడ్కోలు సభల్లో సినిమా పాటలు, ఇదే నా వృత్తి జీవితం. జాజ్ నాకు ఎవరూ నేర్పలేదు. రాత్రిపూట రేడియోలో, ఆ తర్వాత క్యాసెట్లలో, ఇప్పుడు మనవడి ఫోన్లో వినడమే నా చదువు. కాబట్టి కింద రాసేవాటిలో జీవిత వివరాలు అందరికీ తెలిసినవే అయినా, ఊదడం గురించి చెప్పే నాలుగు మాటలు మాత్రం నా పెదవులకు అనుభవమైనవి.

వ్యాసకర్తతో ఒక విషయంలో నాకు పూర్తి ఏకీభావం ఉంది. జాజ్ నల్లవారి సృష్టి. అందులో వాదానికి తావు లేదు. 1917లో వెలువడిన మొట్టమొదటి జాజ్ రికార్డు తెల్లవారి బృందానిదే, దానికి నాయకుడైన నిక్ లారోకా సిసిలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడే. అది చూపించి ఇటలీవారికి జాజ్‌లో జన్మహక్కు ఉందని నేను వాదించబోవడం లేదు. ఆ లారోకాయే తర్వాతి కాలంలో జాజ్‌ను తామే కనిపెట్టామని చెప్పుకుని నవ్వులపాలయ్యాడు. నేను చెప్పదలచుకున్నది వేరు. పుట్టింది ఎక్కడైనా, ఒక విద్య మరో నేల మీద వేళ్లూని ఆ నేల రుచి తెచ్చుకోవచ్చు. రావా జీవితం దానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ.

ఆయన 1939 ఆగస్టు 20న ఇటలీ ఈశాన్యపు అంచునున్న రేవు పట్టణం ట్రియెస్తేలో పుట్టి, టూరిన్ నగరంలో పెరిగారు. పుట్టిన సంవత్సరం గమనించదగ్గది. అప్పటికి ముస్సోలినీ ప్రభుత్వం జాజ్‌ను పరాయి సంగీతంగా, జాతికి తగని సంగీతంగా చూస్తోంది. విదేశీ పేర్లను కూడా ఇటాలియన్‌లోకి మార్చి పలికించిన రోజులవి. అమెరికా జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను 'లుయీజి బ్రాచోఫోర్తే' చేశారని, అంటే ఇంటి పేరులోని బలమైన చేయిని మాటకు మాటగా తర్జుమా చేశారని, ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1935లో, అదే ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా టూరిన్‌కు వచ్చి కచేరీ చేసి వెళ్లాడు. ఇంకో విడ్డూరం, ముస్సోలినీ చిన్న కొడుకు రొమానో ముస్సోలినీ యుద్ధం ముగిశాక పేరున్న జాజ్ పియానిస్టు అయ్యాడు. తండ్రి వద్దన్న సంగీతమే కొడుక్కి అన్నం పెట్టింది.

రావా తల్లి పియానో శాస్త్రీయంగా అభ్యసించినవారు. అయితే ఆయనను పట్టుకున్నది తల్లి పియానో కాదు, అన్నగారు పోగేసిన జాజ్ రికార్డులు. ఆర్మ్‌స్ట్రాంగ్, బిక్స్ బైడర్‌బెక్ వంటివారి పాత రికార్డులు వింటూ పెరిగారు. మొదట ఆయన పట్టింది ట్రాంబోన్, అంటే జారుడు గొట్టాన్ని ముందుకూ వెనక్కూ కదుపుతూ ఊదే పెద్ద ఇత్తడి వాద్యం. టూరిన్ కుర్రాళ్లు కొందరు కలిసి పాతకాలపు న్యూ ఆర్లియన్స్ తరహా పాటలు వాయించుకునే బృందంలో ట్రాంబోన్ ఊదేవారు. ఆ తర్వాత 1950ల రెండో భాగంలో అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ టూరిన్‌కు వచ్చాడు. ఆ కచేరీ విన్నాక రావా ట్రాంబోన్ వదిలి ట్రంపెట్ అందుకున్నారు. గురువు లేకుండానే నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ట్రాంబోన్ నుంచి ట్రంపెట్‌కు మారడం కుర్చీ మారినంత తేలిక కాదు. ట్రాంబోన్‌కు ఉన్న ఊదే గిన్నె పెద్దది, పెదవులు వదులుగా ఆడతాయి. ట్రంపెట్ గిన్నె చిన్నది, పెదవి కండరం బిగువుగా పట్టాలి, స్వరం పై స్థాయికి పోయేకొద్దీ ఆ బిగువు పెరగాలి. ఒకదానికి అలవాటుపడ్డ పెదవి రెండోదాన్ని నెలల తరబడి మొరాయిస్తుంది. ఆ కష్టానికి ఒక యువకుడు పూనుకున్నాడంటే ఆ రాత్రి విన్నది ఎంత బలంగా తాకి ఉండాలో నేను ఊహించగలను. డేవిస్ ట్రంపెట్‌లో బాకా గర్జన లేదు. స్వరాన్ని వణికించడు, సాగదీయడు, నిటారుగా నిలబెడతాడు. రెండు స్వరాల మధ్య మౌనాన్ని కూడా పాటలో భాగం చేస్తాడు. ఊరేగింపుకీ యుద్ధానికీ పుట్టిన వాద్యం చెవి దగ్గర గుసగుసలాడగలదని రావాకు తెలిసింది ఆ రోజే.

అవును, తొలి ఏళ్లలో ఆయన డేవిస్‌ను అనుకరించారు. ఈ మాట నేను దాచడం లేదు, ఆయన కూడా ఎన్నడూ దాచలేదు. మరో ట్రంపెట్ విద్వాంసుడు చెట్ బేకర్‌ను కూడా అంతే ఇష్టంగా అనుసరించారు. బేకర్ అమెరికావాడే గానీ ఇటలీతో అతని సంబంధం చిత్రమైనది. మాదకద్రవ్యాల కేసులో 1960 వేసవిలో లూకా పట్టణంలో అరెస్టయి, ఏడాదికి పైగా అక్కడి జైల్లోనే గడిపాడు. అతను సాధన చేసుకుంటుంటే ఆ ట్రంపెట్ ధ్వని జైలు గోడలు దాటి ఊళ్లోకి వినిపించేదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1961 చివర్లో విడుదలై, మరుసటి ఏడాదే రోమ్‌లో రికార్డు చేశాడు. ఆ తరం ఇటాలియన్ ట్రంపెట్ విద్వాంసులకు జాజ్ అంటే సముద్రానికి ఆవల ఎక్కడో జరిగే వ్యవహారం కాదు. పక్క వీధిలో, కొండొకచో జైలు గోడ వెనక, వినిపించే సంగీతం.

1962లో రోమ్‌లో అర్జెంటీనా శాక్సఫోన్ విద్వాంసుడు గాటో బార్బియేరీతో పరిచయమైంది. అతనూ అమెరికావాడు కాడు, అతనికీ ఇదే ప్రశ్న ఎదురయ్యేది: నీది కాని సంగీతం నీకెందుకు? సంగీతాన్నే వృత్తిగా చేసుకునే ధైర్యం రావాకు వచ్చింది బార్బియేరీ సావాసంలోనే. ఆ తర్వాత అమెరికన్ సొప్రానో శాక్సఫోన్ విద్వాంసుడు స్టీవ్ లేసీ తోడయ్యాడు. లేసీ అప్పటికి తాళపు లెక్కనూ రాగపు చట్రాన్నీ వదిలేసి, అందరూ ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు అల్లుకుపోయే 'ఫ్రీ జాజ్' మార్గంలో ఉన్నాడు. మన కచేరీ భాషలో చెప్పాలంటే పల్లవి, తాళం, శ్రుతి కూడా ముందుగా ఒప్పుకోకుండా పూర్తిగా మనోధర్మం మీదే నడిచే సంగీతం.

1966లో జరిగిన కథను వ్యాసకర్త తప్పక తెలుసుకోవాలని నా కోరిక. ఆ ఏడాది లేసీ, రావా ఇద్దరూ మరో ఇద్దరితో కలిసి నలుగురి బృందంగా అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు వెళ్లారు. ఆ మిగతా ఇద్దరు దక్షిణాఫ్రికావాళ్లు: బాస్ వాయించే జానీ ద్యాని, డ్రమ్స్ వాయించే లూయిస్ మొహోలో. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే వేదిక ఎక్కడాన్ని సహించని వర్ణవివక్ష ప్రభుత్వం నుంచి తప్పించుకుని, 1964లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక జాజ్ ఉత్సవానికి వచ్చిన బృందంతో పాటు దేశం దాటినవాళ్లు వాళ్లిద్దరూ. ఇలా ఒక అమెరికన్, ఒక ఇటాలియన్, ఇద్దరు ప్రవాసులు వెళ్లి దిగిన దేశంలో, 1966 జూన్ చివర, సైన్యం అధికారం చేజిక్కించుకుంది. కొత్త పాలకులకు పొడుగు జుట్టు నచ్చదు, కొత్త సంగీతం అంతకన్నా నచ్చదు. కచేరీలు పలచబడ్డాయి, చేతిలో డబ్బు లేదు, తిరుగు టికెట్లు లేవు. నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. ఆ దశలోనే అక్టోబరు 8న ఆ నగరంలోని దితేయా సంస్థ వేదిక మీద వాళ్లు చేసిన కచేరీ రికార్డయి, మరుసటి ఏడాది 'ది ఫారెస్ట్ అండ్ ది జూ' పేరుతో అమెరికాలో వెలువడింది.

ఆ రికార్డు నేను చాలా ఆలస్యంగా విన్నాను. ఒక వైపు 'అడవి', మరో వైపు 'జంతుశాల', అంతే, రెండే రెండు ముక్కలు. మొదటిసారి వినేవారికి గందరగోళంగా అనిపిస్తుందని ఒప్పుకుంటాను. మా ఆవిడ అయితే తలుపు వేసేసింది. కానీ ఓపిక పట్టి ట్రంపెట్‌ను మాత్రమే వెంబడిస్తే ఒక సంగతి తెలుస్తుంది. చుట్టూ మిగతా ముగ్గురూ తుపానులా చెలరేగుతున్నా, ట్రంపెట్ మాత్రం ఎక్కడో ఒక చోట పాడాలని చూస్తూనే ఉంటుంది. చిన్న స్వరమాలిక, అయిదారు స్వరాలు, అంతలోనే తుపానులో కలిసిపోతుంది, మళ్లీ తలెత్తుతుంది. ఆ ఏడాదికి రావా వయసు 27. డేవిస్‌ను అనుకరించే మనిషి ఆ కచేరీలో నాకు ఎంత వెతికినా కనిపించడు.

1967లో న్యూయార్క్ చేరారు. అక్కడ కొన్నేళ్లు గడిపి ట్రాంబోన్ విద్వాంసుడు రోజ్‌వెల్ రడ్‌తోను, ఆ నాటి కొత్త తరం సంగీతకారులు ఎందరితోనో వాయించారు. అమెరికన్ స్వరకర్త కార్లా బ్లే రూపొందించి 1971లో వెలువరించిన 'ఎస్కలేటర్ ఓవర్ ది హిల్' అనే భారీ సంగీత నాటకంలో ఆయన ట్రంపెట్ ఉంది. వ్యాసకర్త లెక్క ప్రకారం చూసినా ఇది గమనార్హం: అసలు జాజ్ పుట్టిన దేశంలో, ఆ సంగీతాన్ని ముందుకు తోస్తున్నవాళ్లే, ఈ ఇటాలియన్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. నకలు కావాలనుకుంటే వాళ్లకు న్యూయార్క్‌లో కొదవేముంది?

సొంత పేరు మీద ఆయన తొలి రికార్డు 1972 నాటిది. దాని పేరు 'ఇల్ జీరో దెల్ జోర్నో ఇన్ 80 మోందీ', అంటే ఎనభై లోకాల్లో ఒక రోజు ప్రదక్షిణ. ఎనభై రోజుల్లో లోకం చుట్టి వచ్చే జూల్ వెర్న్ కథ పేరును తలకిందులు చేసి అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసార్ తన పుస్తకానికి పెట్టుకున్న పేరది. బ్యూనస్ ఎయిర్స్‌లో చిక్కుపడ్డ నెలలు వృథా పోలేదన్నమాట. ఆ దేశపు సాహిత్యం, టాంగో దిగులు ఆయన ఊపిరిలో మిగిలిపోయాయి.

నా మటుకు నాకు రావా అసలు స్వరం పూర్తిగా విచ్చుకున్నది 1975లో. మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐఖర్ 1969లో స్థాపించిన ఇ.సి.ఎం. అనే రికార్డుల సంస్థ కోసం జర్మనీలో చేసిన ఆ రికార్డు పేరు 'ది పిల్‌గ్రిమ్ అండ్ ది స్టార్స్'. గిటారు అమెరికన్ జాన్ ఆబర్‌క్రాంబీది; బాస్ మీద స్వీడన్‌కు చెందిన పాలే డేనియెల్సన్, డ్రమ్స్ మీద నార్వేకు చెందిన యోన్ క్రిస్టెన్‌సెన్. పేరులోని యాత్రికుడు నిజంగానే నక్షత్రాల కింద నడుస్తున్నట్టు ఉంటుంది. క్రిస్టెన్‌సెన్ తాళాలను దరువుగా కాక గాలిలా కదిలిస్తాడు. ఆ గాలి మీద ట్రంపెట్ పొడుగాటి గీతలు గీస్తూ పోతుంది. మా బ్యాండు మాస్టారు చెప్పిన సూత్రం ప్రకారం స్వరం మొదట్లో నాలుక గట్టిగా తగలాలి, 'త' అన్నట్టు, అప్పుడే మైదానం చివరి వరుసకు వినిపిస్తుంది. రావా చాలా చోట్ల ఆ 'త' వదిలేస్తారు. ఊపిరితోనే స్వరాన్ని తెరుస్తారు, పక్క స్వరంలోకి జారిపోతారు, గాయకుడు అచ్చుల మీద పాడినట్టు. ఇది కవాతు మైదానపు విద్య కాదు, డేవిస్ విద్య కూడా కాదు. డేవిస్ మౌనం దగ్గర ఆగుతాడు. రావా మౌనం దగ్గరికి వచ్చి, అక్కడొక పాట ఎత్తుకుంటారు. ఇటలీలో వీధి చివర కూరగాయలమ్మే మనిషి కూడా ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) చరణాలు కూనిరాగం తీస్తాడంటారు. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సిన పని లేదు.

ఆ తర్వాతి పదేళ్ల రికార్డులను ఇక్కడ ఏకరువు పెట్టను. 1986లో అర్జెంటీనా బాందోనియన్ విద్వాంసుడు దీనో సలూసీతో చేసిన 'వోల్వెర్' ఒక్కటి చెప్పాలి. బాందోనియన్ అంటే టాంగోకు ప్రాణమైన, మన హార్మోనియానికి దూరపు చుట్టమైన తిత్తి వాద్యం. వోల్వెర్ అంటే తిరిగి రావడం. ఆ తర్వాత 1990లలో ఒపెరా వైపు తిరిగి, ఆ స్వరాల మీదే ఒక రికార్డు, ఫ్రెంచ్ స్వరకర్త బిజే రాసిన ఒపెరా 'కార్మెన్' మీద మరొకటి చేశారు. జాజ్ పరమభక్తులు కొందరికి అవి రుచించలేదు. నాకూ అన్నీ నచ్చాయని చెప్పను. కానీ చిన్నప్పుడు తల్లి పియానోలో విన్న ప్రపంచానికి ఆయన ట్రంపెట్ పట్టుకుని తిరిగి వెళ్లడం నాకు సహజంగానే తోచింది.

ఇప్పుడు వ్యాసకర్త పూర్తిగా విస్మరించిన సంగతికి వస్తున్నాను. అనుకరించే మనిషికి శిష్యులు పుట్టరు. పుడితే మూల విగ్రహానికి పుడతారు. రావాకు శిష్యపరంపరే ఉంది. 1996లో ఆయనకు 23 ఏళ్ల పియానో కుర్రాడు ఒకడు తారసపడ్డాడు, పేరు స్టెఫానో బొల్లానీ. అప్పటికి అతను పేరున్న పాప్ గాయకుల వెంట పెద్ద పెద్ద ప్రదర్శనల్లో వాయిస్తూ నిలకడగా సంపాదిస్తున్నాడు. అది వదిలేసి జాజ్‌కే అంకితం కమ్మని రావా చెప్పారు; కుర్రాడు విన్నాడు. ఈ రోజు బొల్లానీ పేరు ఇటలీలో ఇంటింటికీ తెలుసు. బారీ నుంచి వచ్చిన ట్రాంబోన్ విద్వాంసుడు జాన్‌లూకా పెట్రెల్లా, ఫోలీన్యోకు చెందిన పియానిస్టు జొవన్నీ గుయిదీ, వీళ్లందరూ ఆయన బృందాల్లోంచే లోకానికి పరిచయమయ్యారు. సియెనా పట్టణంలో ఏటా జరిగే వేసవి జాజ్ శిక్షణ తరగతుల్లో ఆయన పాఠాలు చెప్పేవారు. గుయిదీ ఆయన కంట పడింది అక్కడే. సార్డీనియా ద్వీపంలోని బెర్కిద్దా అనే పల్లెలో, ఊరి బ్యాండు మేళంలో ట్రంపెట్ మొదలుపెట్టిన పావ్లో ఫ్రెజు (ఈ ఒక్క వాక్యం రాస్తుంటే నాకు సొంత చుట్టం గురించి రాస్తున్నట్టుంది) రావా తర్వాతి తరంలో ఇటలీ గర్వించే ట్రంపెట్ విద్వాంసుడు అయ్యాడు, ఆయనతో కలిసి ఎన్నో కచేరీలు చేశాడు, 1988 నుంచి తన పల్లెలోనే ఏటా జాజ్ ఉత్సవం నడుపుతున్నాడు.

ఇలాంటి కుర్రాళ్లను వెంటబెట్టుకునే రావా 17 ఏళ్ల విరామం తర్వాత ఇ.సి.ఎం. గడప మళ్లీ తొక్కారు. 2003లో ఉదీనే నగరం దగ్గర రికార్డు చేసి, మరుసటి ఏడాది వెలువరించిన 'ఈజీ లివింగ్'లో బొల్లానీ, పెట్రెల్లా, బాస్ మీద రొసారియో బొనాకోర్సో, డ్రమ్స్ మీద రోబెర్టో గాత్తో ఉన్నారు. అయిదుగురూ ఇటాలియన్లే. జాజ్ కొత్తగా వినాలనుకునే తెలుగు పాఠకులకు మొదట ఏది వినాలని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ట్రంపెట్, ట్రాంబోన్ ఒకదాన్నొకటి తరుముతూ, ఆటపట్టిస్తూ, ఒక్కసారిగా కలిసి పాడే చోట్లు ఉన్నాయి. తన కుర్రతనంలో వదిలిపెట్టిన ట్రాంబోన్‌ను ఆయన ముసలితనంలో పక్కన నిలబెట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, దీన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

గౌరవాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2002లో డెన్మార్క్‌వారి జాజ్‌పార్ బహుమతి వచ్చింది. ఫ్రాన్స్ ప్రభుత్వం సాహిత్య కళారంగాల బిరుదు ఇచ్చింది. అమెరికాలోని బర్క్‌లీ సంగీత కళాశాల గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అమెరికా కళాశాల నకలుకు డాక్టరేట్ ఇవ్వదని నేను అనుకుంటున్నాను.

ఆయన చేసినదంతా గొప్పదని నేను అనను. 2009లో మైఖేల్ జాక్సన్ చనిపోయేదాకా అతని సంగీతాన్ని రావా పెద్దగా పట్టించుకోలేదు. చనిపోయాక విని, ఇన్నాళ్లూ ఏం కోల్పోయానా అనుకుని, రోమ్‌లో యువకుల పెద్ద బృందంతో ఆ పాటలు కచేరీ చేసి, 2012లో 'ఆన్ ది డాన్స్ ఫ్లోర్' పేరుతో వెలువరించారు. అందులో ఇత్తడి వాద్యాల మోత నా చెవికి కాస్త ఎక్కువైంది. అయితే 70 దాటిన విద్వాంసుడు, తాను తప్పుగా అంచనా వేశానని ఒప్పుకుని, ఓ పాప్ గాయకుడి దగ్గర విద్యార్థిలా కూర్చోవడం మన సంగీత సభల్లో నేను ఎంత చూశానో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక వయసు సంగతి. వయొలిన్, వీణ వాయించేవారికి ముసలితనం వేళ్ల దగ్గర వస్తుంది. మాకు పెదవి దగ్గర వస్తుంది. యాభై దాటాక పై షడ్జం కోసం పెదవి బిగిస్తే లోపల పంటికి నొక్కుకుని రక్తం చిమ్మిన రోజులు నాకున్నాయి. పళ్లు కదిలితే వృత్తి కదిలినట్టే. చాలామంది ఆ దశలో వాద్యాన్ని పెట్టెలో పెట్టేస్తారు, నేనూ పెట్టేశాను. రావా మాత్రం వాద్యాన్ని మార్చుకుని, పై స్వరాలను వదులుకుని, మధ్య స్థాయిలోనూ మంద్రంలోనూ మిగిలిన స్వరాలనే పాటగా మార్చుకున్నారు. 2019 ఆగస్టులో, 80వ పుట్టినరోజు నాటి రోజుల్లో, బెల్జియంలోని యాంట్‌వెర్ప్ ఉత్సవంలో ఆయన చేసిన కచేరీ తర్వాత రికార్డుగా వచ్చింది. అంతకు ముందు సంవత్సరం రోమ్‌లో, సిసిలీ మూలాలున్న అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు జో లొవానోతో చేసిన కచేరీ 'రోమా'గా వెలువడింది. 2021లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో అమెరికన్ పియానిస్టు ఫ్రెడ్ హెర్ష్‌తో ఇద్దరే కూర్చుని చేసిన రికార్డు నా మనసుకు మరీ దగ్గరైంది. అప్పటికి ఆయనకు 82. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వినిపిస్తుంది, స్వరం అంచు చిరుగుతున్న చోటూ వినిపిస్తుంది. దాచాలనే ప్రయత్నమే లేదు. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కాదు. ఆ మీదట కూడా, సగం వయసు కూడా లేని నలుగురిని చేర్చుకుని 'ఫియర్‌లెస్ ఫైవ్' అనే బృందంతో 2024లో ఇంకో రికార్డు తెచ్చారు.

అనుకరణ అన్న మాట గురించి ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఉంటున్నది విజయనగరం. ఇక్కడి సంగీత కళాశాలలో ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పారు, ఆ తర్వాత అధ్యక్షులుగా ఉన్నారు. ఆ వయొలిన్ ఉత్తర ఇటలీలో 16వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న వాద్యం. అది మన చేతికొచ్చింది రెండు వందల ఏళ్ల నాటి మాట. పట్టుకునే పద్ధతి మార్చాం, కింద కూర్చుని కాలి మీద ఆనించుకున్నాం, తీగల శ్రుతి మార్చాం, గమకం పలికించాం. నాయుడు గారి కమాను విని ఇటలీకి నకలు అనేవాడు ఎవడైనా ఉంటే వాడు వినలేదనే అర్థం. మనం ఇటలీ వాద్యం తీసుకుని దాన్ని మన సొంతం చేసుకున్నామని ఒప్పుకునే మీ వ్యాసకర్త, ఒక ఇటాలియన్ అమెరికా సంగీతం తీసుకుని తన సొంతం చేసుకుంటే మాత్రం నకలు అనడం ఏ న్యాయం?

కాబట్టి వచ్చే ఆదివారం వీలైతే ఒక చిన్న సవరణ ప్రచురించమని కోరుతున్నాను. ఫొటోలోని పెద్దాయన పేరు ఎన్రికో రావా అని రాయండి. ఇంకో సవరణ కూడా ఉంది. ఆయన చేతిలో ఉన్నది ట్రంపెట్ కాదు. గొట్టం చివర విచ్చుకున్న గంట ఎంత పెద్దదో, లోపలి గొట్టం మొదటి నుంచి ఎలా క్రమంగా వెడల్పవుతూ పోయిందో ఫొటోలోనే స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని ఫ్లూగల్‌హార్న్ అంటారు. ధ్వని ట్రంపెట్ కంటే మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, పెదవి మీద భారమూ కొంత తక్కువ. పైన నేను వాద్యం మార్చుకున్నారని రాసింది దాని గురించే.

ఇట్లు,
మీ పాఠకుడు, పోలీసు బ్యాండు విశ్రాంత ఉద్యోగి,
విజయనగరం.